అరికాలి పటం – ముట్లుడిగే వయస్సు

రోజంతా నిలబడి పనిచేసిన మనిషి అరికాళ్ళను ఎవరైనా పది నిమిషాలు పిసికితే ప్రాణం లేచివచ్చినట్లుంటుంది. ఈ సంగతి తెలియడానికి శాస్త్రం అక్కరలేదు. కాని అరికాలిలో శరీరమంతా ఇమిడి ఉన్నది, బొటనవ్రేలి మెత్తలో పిట్యూటరీ గ్రంథి, మడమకు లోపలి ప్రక్క గర్భాశయం, వెలుపలి ప్రక్క అండాశయం ఉన్నవి, ఆయా తావులను క్రమంగా నొక్కితే ఆయా అవయవాలు చక్కబడతాయి అన్నప్పుడు అది వేరే మాట అవుతుంది. మొదటిది అనుభవం, రెండవది సిద్ధాంతం. ఈ రెండింటినీ విడదీసి తూచిన పరీక్ష ఒకటి 2002లో ఇంగ్లండులో ప్రకటితమైనది. అందులో పాల్గొన్నవారందరూ ముట్లుడిగే వయస్సులోని స్త్రీలే. ఆ పరీక్ష ఎందుకు అవసరమైనదో తెలియాలంటే కొంత వెనుకకు పోయి రెండు కథలు చూడవలెను. పాదం మీద ఆ పటాన్ని ఎవరు గీసినారన్నది ఒకటి, ముట్లుడిగే బాధకు వైద్యులు ఏమి చేస్తూ వచ్చినారన్నది రెండవది.

ఈ చికిత్సకు నేడు వాడుకలో ఉన్న పేరు రిఫ్లెక్సాలజీ. కుడిపాదం శరీరపు కుడిసగానికి, ఎడమపాదం ఎడమసగానికి అద్దాల వంటివని చికిత్స చేసేవారు చెబుతారు. కాలివ్రేళ్ళు తలకు, వ్రేళ్ళ క్రింది మెత్తటి భాగం రొమ్ముకు, అరికాలి నడిమి భాగం జీర్ణావయవాలకు, మడమ కటిప్రదేశానికి స్థానాలు. ముట్లుడిగే బాధలతో స్త్రీ వచ్చినప్పుడు ముందు రెండు పాదాలను మెల్లగా సడలించి, పిమ్మట పిట్యూటరీ, థైరాయిడ్, అడ్రినల్ గ్రంథుల తావులను, చీలమండకు ఇరుప్రక్కల ఉన్న గర్భాశయ, అండాశయ స్థానాలను బొటనవ్రేలితో గొంగళిపురుగు ప్రాకినట్లు నొక్కుకొంటూ పోతారు. ఒక్కొక్క విడత ముప్పావు గంట నుండి గంట వరకు సాగుతుంది. గది ప్రశాంతంగా ఉంటుంది, చేసే మనిషి తొందరపడదు, వచ్చిన స్త్రీ చెప్పుకొన్నదంతా వింటుంది. ఈ చివరి మాటను పాఠకులు గుర్తు పెట్టుకోవలెను.

ఈ విద్య వేల ఏళ్ళ నాటిదని ప్రచార పుస్తకాలలో తరచు కనిపిస్తుంది. అందుకు ఆధారంగా చూపేది ఈజిప్టు దేశంలో సక్కారా వద్ద ఉన్న అంఖ్‌మహోర్ అనే ఉన్నతోద్యోగి సమాధి. సుమారు 4,300 ఏళ్ళ క్రిందటి ఆ సమాధి గోడపై కొందరు కూర్చుండి, ఇతరుల చేతులను, పాదాలను పట్టుకొని ఏదో చేస్తున్నట్లు చెక్కిన బొమ్మలు ఉన్నవి. అది గోళ్ళు తీయడమో, ఒళ్ళు పట్టడమో, మరేదైనా చిన్న చికిత్సయో పండితులు తలకొక విధంగా చెప్పినారు. అవయవాల పటం మాత్రం ఆ గోడ మీద ఎక్కడా లేదు. ఆ బొమ్మకూ ఇరవయ్యవ శతాబ్దపు పద్ధతికీ నడుమ నాలుగువేల ఏళ్ళకు పైగా ఎడం ఉన్నది. ఆ ఎడాన్ని పూరించే గ్రంథపరంపరను ఎవరూ చూపలేదు.

మన దేశంలో పాదాలకు నూనె రాచి మర్దించే అలవాటు పాతది. చరకసంహిత సూత్రస్థానంలో దినచర్యను చెప్పే అయిదవ అధ్యాయం పాదాభ్యంగాన్ని ప్రత్యేకంగా పేర్కొంటుంది. పాదాల గరుకుతనం, బిరుసు, తిమ్మిరి, అలసట పోతాయని, కంటికి మేలని అక్కడ ఉన్నది. వాగ్భటుడు ఒళ్ళంతటికీ నూనె పట్టించమని చెప్పి, తలకు, చెవులకు, పాదాలకు మరింత శ్రద్ధ చూపమన్నాడు. పాదాల నుండి కళ్ళకు సిరలు పోతాయన్న భావం కూడ ఆయుర్వేదంలో కనిపిస్తుంది. అంతవరకే. గర్భాశయానికి మడమలో ఒక చుక్క, అండాశయానికి మరొక చుక్క గుర్తించిన పటం ఆ గ్రంథాలలో లేదు. నేడు కొందరు పాదాభ్యంగాన్నీ రిఫ్లెక్సాలజీనీ ఒకే గాటికి కట్టి చెప్పడం రెండింటికీ అన్యాయమే.

అసలు పటం పుట్టినది అమెరికాలో. దానికి ముందు యూరపు నాడీశాస్త్రంలో జరిగిన కృషిని ఒక్కమాట చెప్పవలసి ఉన్నది. ఎందుకంటే రిఫ్లెక్సాలజీ తన పేరును, తన పరువును కొంతవరకు అక్కడినుండే అరువు తెచ్చుకొన్నది. లండను వైద్యుడు హెన్రీ హెడ్ 1893 నుండి ప్రకటించిన వ్యాసాలలో, లోపలి అవయవానికి జబ్బు చేసినప్పుడు చర్మంపై కొన్ని నిర్ణీత ప్రదేశాలలో నొప్పి, సుకుమారత కలుగుతాయని పటాలతో చూపినాడు. గుండెపోటు వచ్చినవారికి ఎడమచేయి లాగడం ఇటువంటిదే. ఆ అవయవం నుండి వచ్చే నాడీతంతువులు, ఆ చర్మభాగం నుండి వచ్చే తంతువులు వెన్నుపాములో ఒకే మెట్టు వద్ద చేరడం ఇందుకు కారణం. ఇది నిలిచిన శాస్త్రం. అయితే ఈ లెక్క ప్రకారం గర్భాశయపు నొప్పి తోచేది పొత్తికడుపులో, నడుములో. మడమ లోపలి ప్రక్కన కాదు.

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో హార్ట్‌ఫర్డ్ నగరపు ఆసుపత్రిలో విలియం ఫిట్జ్‌జెరాల్డ్ అనే చెవి ముక్కు గొంతు వైద్యుడు ఉండేవాడు. ఆయన 1872లో జన్మించినాడు. చేతివ్రేళ్ళపైనో, కాలివ్రేళ్ళపైనో గట్టిగా నొక్కిపెట్టితే ముఖంలోను, గొంతులోను నొప్పి మందగిస్తున్నదని, చిన్న చిన్న శస్త్రచికిత్సలు అట్లాగే చేయవచ్చునని ఆయనకు తోచినది. అంతటితో ఆగక శరీరాన్ని తల నుండి కాలి వరకు నిలువుగా పది మండలాలుగా, ప్రక్కకు అయిదు చొప్పున విభజించినాడు. ఒక్కొక్క మండలం ఒక్కొక్క వ్రేలితో ముగుస్తుంది. ఒక మండలంలో ఎక్కడ నొక్కినా ఆ మండలంలోని తక్కిన భాగాలపై ప్రభావం ఉంటుందని ఆయన వాదన. ఎడ్విన్ బవర్స్ అనే రచయిత ఈ సంగతిని 1915లో ఒక జనప్రియ పత్రికకు ఎక్కించినాడు. పంటినొప్పి తగ్గాలంటే కాలివ్రేలు నొక్కుకోండి అన్న ధోరణిలో ఉన్న ఆ వ్యాసం బాగా పేరు తెచ్చినది. 1917లో ఇద్దరూ కలసి మండలచికిత్స గూర్చి గ్రంథం వెలువరించినారు.

ఆ గ్రంథం తిరగేసినవారికి నవ్వు, జాలి రెండూ కలుగుతాయి. రబ్బరు పట్టీలు, బట్టలు ఆరవేసే క్లిప్పులు, లోహపు దువ్వెనలు వైద్యసాధనాలుగా దర్శనమిస్తాయి. ప్రసవవేదన తగ్గడానికి రెండు చేతులలో దువ్వెనలు పట్టుకొని పిడికిలి బిగించమని చెప్పినారు. స్త్రీల వ్యాధులకు ఒక అధ్యాయం, గొంతుకణితికి మరొకటి కేటాయించినారు. బాగైనవారి కథలే తప్ప, చికిత్స చేయనివారితో పోల్చిచూచిన దాఖలా లేదు. నాటి వైద్యలోకం ఈ పద్ధతిని ఆదరించలేదు. ఫిట్జ్‌జెరాల్డ్ తరువాత ఫ్లారిడాలో జో షెల్బీ రైలీ అనే వైద్యుడు దానిని పట్టి నిలిపి, 1919లో తానూ ఒక పుస్తకం వ్రాసినాడు.

రైలీ వద్ద పనిచేసిన యూనిస్ ఇంగ్‌హామ్ అనే మహిళయే నేటి పటానికి నిజమైన కర్త. ఫిట్జ్‌జెరాల్డ్ మండలాలు నిలువుగీతలు మాత్రమే. గీతలోని ఏ బిందువు ఏ అవయవమో ఆయన అంతగా పట్టించుకోలేదు. ఇంగ్‌హామ్ 1930ల తొలి సంవత్సరాలలో వందలాది రోగుల పాదాలను తడిమి, ఎక్కడ నొప్పి ఉన్నదో, ఆ మనిషికి ఏ జబ్బు ఉన్నదో జతకూర్చుకొంటూ మొత్తం శరీరాన్ని రెండు అరికాళ్ళ మీదికి దించినది. మొదట దూదిమెత్తలను నొప్పిచోట కట్టి చూచి, పిమ్మట బొటనవ్రేలితో నొక్కుతూ వదలుతూ పోవడమే మేలని నిశ్చయించుకొన్నది. పాదంలోని నాడుల చివర స్ఫటికాలవంటి మలినాలు పేరుకొంటాయని, వాటిని చిదిమితే నాడి విడుదలయి అవయవానికి రక్తప్రసారం పెరుగుతుందని ఆమె నమ్మకం. 1938లో ఆమె మొదటి పుస్తకం, 1951లో రెండవది వచ్చినవి. దశాబ్దాలపాటు ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చి, నర్సులకు, సామాన్య గృహిణులకు ఈ పని నేర్పినది. 1974లో మరణించినది.

ఆమె పరిశీలనలో ఓపిక ఉన్నది, లోపమూ ఉన్నది. రోగి జబ్బు ముందే తెలిసి పాదం తడిమితే చేయి అక్కడికే పోతుంది. అక్కడే కొంచెం గట్టిగా నొక్కుతుంది. గట్టిగా నొక్కితే ఎవరికైనా నొప్పి పుడుతుంది. జబ్బు తెలియకుండా పాదాన్ని మాత్రమే చూచి చెప్పగలరా అన్న ప్రశ్న చాలాకాలం ఎవరూ గట్టిగా అడగలేదు. 2000లో ఇంగ్లండులోని ఎక్సిటర్ పరిశోధకులు అడిగినారు. ముందే ఎంపికచేసిన ఆరు రుగ్మతలలో ఒకటో కొన్నియో ఉన్న 18 మందిని, వారి జబ్బేమిటో తెలియని ఇద్దరు రిఫ్లెక్సాలజీ నిపుణులకు చూపినారు. ఆ ఇద్దరి అంచనాలు ఉన్న జబ్బులతో సరిపోలేదు సరికదా, ఒకరి అంచనా మరొకరితోను కలియలేదు.

రిఫ్లెక్సాలజీ అన్న మాట ఇంగ్‌హామ్ పద్ధతికి అతికినది సుమారు 1960 ప్రాంతంలో. అంతకు ముందే రష్యా శాస్త్రజ్ఞుడు బెఖ్టెరెవ్ తన మనస్తత్వశాస్త్ర సిద్ధాంతానికి ఆ పేరు పెట్టుకొని ఉన్నాడు. దానికీ అరికాళ్ళకూ సంబంధం లేదు. ఇంగ్‌హామ్ శిష్యురాలు డొరీన్ బెయిలీ 1960లలో ఈ పద్ధతిని బ్రిటనుకు తీసుకొనిపోయినది. జర్మనీలో హానె మార్క్వార్ట్ అనే నర్సు బోధన సాగించినది. 1973లో ఇంగ్‌హామ్ మేనల్లుడు డ్వైట్ బయర్స్ అంతర్జాతీయ సంస్థను నెలకొల్పినాడు. 2000 నవంబరులో బ్రిటిషు ప్రభువుల సభ సంఘమొకటి ఇటువంటి చికిత్సలన్నింటినీ తరగతులుగా విభజిస్తూ రిఫ్లెక్సాలజీని రెండవ తరగతిలో చేర్చినది. రోగనిర్ణయం చేస్తామనకుండా, మామూలు వైద్యానికి తోడుగా ఉండే సహాయక చికిత్సల తరగతి అది. జబ్బులు కనిపెట్టి నయం చేస్తానన్న విద్య ఆ సరికి తోడునీడగా ఉంటానన్న మాటకు దిగివచ్చినది.

ఇక రెండవ కథ. ముట్లు యాభై ఏళ్ళకు ఆగిపోతాయని సుశ్రుతుడు వ్రాసినాడు. అది వ్యాధి అని చెప్పలేదు. ఫ్రాన్సులో గార్డాన్ అనే వైద్యుడు 1821లో మెనోపాజ్ అన్న పదాన్ని వ్యాప్తిలోకి తెచ్చినాడు. ఆ శతాబ్దంలోనే లండనులో ఎడ్వర్డ్ టిల్ట్ ఈ దశ గూర్చి 1857లో పెద్ద గ్రంథం వ్రాసినాడు. నాటి మందులు చాలావరకు మత్తుమందులు, భేదిమందులు. అసలు కారణం తెలియడానికి ఇరవయ్యవ శతాబ్దం రావలసి వచ్చినది. ఆడశిశువు పుట్టినప్పుడు అండాశయాలలో పది ఇరవై లక్షల అండకోశికలు ఉంటాయి. రజస్వల అయ్యేనాటికి కొన్ని లక్షలు మిగులుతాయి. ముట్లుడిగే వేళకు సుమారు వేయి మాత్రమే. వాటితోపాటు అవి తయారుచేసే ఈస్ట్రోజన్ కూడ అడుగంటుతుంది. కొత్త కోశికలు పుట్టవు. పిట్యూటరీ గ్రంథి సోమరిగా ఉండి ఇట్లా జరగడం లేదు. అండాశయాన్ని లేపడానికి అది మునుపటికంటె ఎక్కువ హార్మోనును విడుదల చేస్తూ ఉంటుంది. కాబట్టి బొటనవ్రేలి మెత్తను నొక్కి పిట్యూటరీని మేల్కొలపడమన్నది, నిద్రపోని మనిషిని తట్టి లేపడం వంటిది.

ఈ మార్పులో స్త్రీలను ఎక్కువగా వేధించేది వేడి ఆవిర్లు. ఉన్నట్టుండి ముఖం, మెడ, రొమ్ము భగ్గుమంటాయి, గుండె దడదడలాడుతుంది, చెమట ముంచుతుంది, పిమ్మట చలి వేస్తుంది. రాత్రివేళ ఇట్లా రెండు మూడుసార్లు లేచిన స్త్రీకి మరునాడు చిరాకు, మతిమరుపు, దిగులు తోడవుతాయి. అమెరికాలో చేసిన సుదీర్ఘ అధ్యయనమొకటి 2015లో చెప్పిన లెక్క ప్రకారం, ఆవిర్లు తరచుగా వచ్చే స్త్రీలలో ఈ బాధ ఉండే కాలపు మధ్యగతం 7.4 సంవత్సరాలు. ఇంట్లో వారు దీనిని వయసు చాదస్తమని నవ్వి త్రోసివేయడం చాలాచోట్ల ఉన్నదే. కాని ఆవిరికి మెదడులో స్పష్టమైన చోటు ఉన్నది. హైపోథాలమస్‌లో శరీరపు వేడిని అదుపుచేసే కేంద్రానికి చేరువగా కొన్ని నాడీకణాలు ఉన్నవి. ఈస్ట్రోజన్ తగ్గినప్పుడు ఇవి పెద్దవై, అతిగా పనిచేస్తాయని అమెరికా శాస్త్రజ్ఞురాలు నయోమీ రాన్స్ 1990ల నుండి చూపుతూ వచ్చినది. ఆ కారణాన శరీరం ఓర్చుకొనే వేడి హెచ్చుతగ్గుల హద్దు ఇరుకవుతుంది. రవ్వంత వేడి పెరిగినా చెమట పట్టించి చల్లార్చబోతుంది.

1929లో ఈస్ట్రోజన్ జాతి హార్మోనును అమెరికాలో డాయిసీ, జర్మనీలో బూటెనాంట్ విడివిడిగా వేరుచేసినారు. 1942లో చూలుతో ఉన్న గుర్రాల మూత్రం నుండి తీసిన ఈస్ట్రోజన్ మాత్రలు అమెరికా అంగళ్ళలోకి వచ్చినవి. ఆవిర్లపై అవి నిజంగానే పనిచేసినవి. అక్కడితో ఆగితే బాగుండేది. 1966లో న్యూయార్కు వైద్యుడు రాబర్ట్ విల్సన్ ముట్లుడగడం మధుమేహం వంటి లోపవ్యాధి అని, హార్మోను పుచ్చుకొనే స్త్రీ ఎన్నటికీ స్త్రీగానే ఉంటుందని చెప్పే పుస్తకం వ్రాసినాడు. అది లక్షల ప్రతులు అమ్ముడుపోయినది. ఆయన సంస్థకు మందుల తయారీదారుల సొమ్ము ముట్టినదని తరువాత తెలిసినది. 1975లో ఈస్ట్రోజన్ ఒక్కదానినే వాడేవారిలో గర్భాశయపు లోపలి పొర క్యాన్సరు ఎక్కువని రెండు అధ్యయనాలు హెచ్చరించినవి. ఆ పొరను కాపాడడానికి ప్రొజెస్టిన్ అనే రెండవ హార్మోనును జోడించినారు. గుండెను, ఎముకలను కూడ కాపాడుతుందన్న ఆశతో ఆవిర్లు లేని వృద్ధస్త్రీలకు సైతం ఇవ్వసాగినారు.

2002 జూలై నెలలో ఆ ఆశకు దెబ్బ తగిలినది. అమెరికా ప్రభుత్వ ఆధ్వర్యంలో 50 నుండి 79 ఏళ్ళ మధ్య ఉన్న 16,608 మంది స్త్రీలపై జరుగుతున్న పరీక్షను సగటున 5.2 సంవత్సరాలు గడిచేసరికి అర్ధంతరంగా ఆపివేసినారు. జంట హార్మోను పుచ్చుకొన్నవారిలో ఏడాదికి పదివేల మందికి 8 రొమ్ము క్యాన్సర్లు, 8 పక్షవాతాలు, 7 గుండెజబ్బులు అదనంగా వచ్చినవి. తుంటి ఎముక విరగడం, పెద్దప్రేగు క్యాన్సరు మాత్రం తగ్గినవి. అంకెలు చిన్నవే. కాని పత్రికలలో శీర్షికలు పెద్దవి. కోట్లమంది స్త్రీలు మాత్రలను పారవేసినారు, వ్రాయడానికి వైద్యులూ జంకినారు. ఆ పరీక్షలోని స్త్రీల సగటు వయస్సు 63 అని, ముట్లుడిగిన క్రొత్తలో, అరవై లోపు వారికి లాభనష్టాల తూకం వేరుగా ఉంటుందని తరువాతి విశ్లేషణలు తేల్చేసరికి చాలా ఏళ్ళు గడిచినవి. ఈ నడుమ ఆవిర్లతో నిద్రలేని స్త్రీ ఏమి చేయవలెను? సోయా చిక్కుళ్ళు, మూలికలు, సూదులు, అరికాలి పటం. ఇవన్నీ ఆమె వాకిట వచ్చి నిలిచినవి.

ఎక్సిటర్ పరీక్ష ప్రకటితమైనది సరిగా అదే సంవత్సరం. జాన్ విలియమ్సన్, ఏడ్రియన్ వైట్, ఎడ్జార్డ్ ఎర్న్‌స్ట్ తదితరులు దీనిని నిర్వహించినారు. 45 నుండి 60 ఏళ్ళ లోపు, ముట్లుడిగే బాధలు ఉన్న 76 మంది స్త్రీలను చీట్లు వేసినట్లు యాదృచ్ఛికంగా రెండు జట్లుగా విభజించినారు. ఒక జట్టుకు పటం ప్రకారం రిఫ్లెక్సాలజీ, రెండవ జట్టుకు పటంతో నిమిత్తం లేని మామూలు పాదమర్దనం. రెండింటినీ చేసినది అర్హత పొందిన ఆ నలుగురు రిఫ్లెక్సాలజీ నిపుణులే. 19 వారాలలో ఒక్కొక్క స్త్రీకి తొమ్మిది విడతలు. ఈ ఏర్పాటులోనే పరీక్ష విలువంతా ఉన్నది. ఏమీ చేయని జట్టుతో పోల్చి ఉంటే, గది, విశ్రాంతి, ఆదరంగా తాకే చేయి, వినే చెవి అన్నీ కలసి పటం ఖాతాలో జమ అయ్యేవి. ఇక్కడ అవన్నీ ఇరుజట్లకూ సమానం. తేడా పటం ఒక్కటే.

స్త్రీల ఆరోగ్య ప్రశ్నావళి అనే కొలబద్దపై ఆందోళన, దిగులు ఎంత ఉన్నవో సున్న నుండి ఒకటి వరకు లెక్కకట్టినారు. రిఫ్లెక్సాలజీ జట్టులో ఆందోళన సగటు 0.43 నుండి 0.22కు దిగినది. మామూలు మర్దనం జట్టులో 0.37 నుండి 0.27కు. దిగులు మొదటి జట్టులో 0.37 నుండి 0.20కు, రెండవదానిలో 0.36 నుండి 0.20కు తగ్గినది. ఆవిర్లు, రాత్రి చెమటల తీవ్రత కూడ ఇదే తీరున రెండు జట్లలోను తగ్గినది. కాలం గడిచినకొద్దీ మేలు కలిగినదన్నది నిస్సందేహం. జట్టుకూ జట్టుకూ తేడా ఉన్నదనడానికి మాత్రం ఆధారం దొరకలేదు. మామూలు మర్దనం చేయించుకొన్న 37 మందిలో 14 మంది తమకు చేసినది అసలు రిఫ్లెక్సాలజీ కాదని కనిపెట్టినారు. చేసేవారికి ఏది ఏదో ఎట్లాగూ తెలుసు. ఇన్ని విధాల పటం వైపే మొగ్గు ఉన్నా పటం గెలువలేదు.

మరి ఆ మేలు ఎక్కడినుండి వచ్చినది? కొంత కాలం చలువ. బాధ మిక్కిలిగా ఉన్నప్పుడే మనిషి చికిత్సకు పోతుంది, మిక్కిలిగా ఉన్నది తనంతట కొంత దిగుతుంది. కొంత నమ్మకం పని. హార్మోను పరీక్షలలో ఉత్తుత్తి మాత్రలు మింగిన స్త్రీలకు సైతం ఆవిర్ల సంఖ్య సగానికి పైగా తగ్గినదని పలు పరీక్షలను జోడించి చూచినవారు 2004లో తేల్చినారు. ఆవిరిని తెచ్చే కణాలు తలలో ఉన్నవని, కలవరపడినప్పుడు ఆవిరి మరింత బాధ పెడుతుందని తెలిసిన తరువాత ఇందులో వింత లేదు. మిగిలినది చేతి మహిమ, కూర్చోబెట్టి విన్న గంట మహిమ. నలుగురికి వండిపెట్టి, తన సంగతి ఎవరూ అడగని నడివయస్సు స్త్రీ పాదాలను వేరొకరు గంటసేపు పట్టుకొని కూర్చోవడం చిన్న విషయం కాదు. దానికి గర్భాశయపు చుక్క తెలియనక్కరలేదు. కూతురో, చెల్లెలో నువ్వులనూనె గిన్నెతో కూర్చుంటే చాలు.

తరువాతి కాలంలో ఇరాన్, టర్కీ దేశాలలో జరిగిన కొన్ని పరీక్షలలో నిద్రకు, ఆవిర్లకు రిఫ్లెక్సాలజీ మేలుచేసినట్లు వచ్చినది. మామూలు మర్దనంకంటె మెరుగన్నవి కూడ వాటిలో ఉన్నవి. వాటిని పూర్తిగా త్రోసివేయనక్కరలేదు. అయితే అవి నూరు, నూటయిరవై మందితో చేసినవి, చేసేవారికి ఏది ఏదో తెలిసి చేసినవి. 2009లో ఎర్న్‌స్ట్ అన్ని జబ్బులపై జరిగిన 18 యాదృచ్ఛిక పరీక్షలను పోగుచేసి, ఏ వ్యాధికీ ఇది నికరమైన చికిత్స అని నమ్మదగినంత ఆధారం లేదని వ్రాసినాడు. 2019 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియా ప్రభుత్వం ప్రైవేటు ఆరోగ్యభీమా సహాయం పొందే చికిత్సల నుండి దీనిని తొలగించినది.

ఆవిర్ల విషయంలో నేడు వైద్యానికి చేతులు ఖాళీగా లేవు. తగిన వయస్సులో, రొమ్ము క్యాన్సరు వంటివి లేనివారికి హార్మోను చికిత్సయే అన్నింటికంటె బలంగా పనిచేస్తుంది. హార్మోను పనికిరానివారికి కొన్ని ఇతర మందులు, ఆలోచనల తీరును మార్చే మానసిక శిక్షణ ఉన్నవి. మెదడులోని ఆ నాడీకణాల సందేశాన్నే అడ్డుకొనే ఫెజోలినెటాంట్ అనే మందును 2023లో అమెరికా అనుమతించినది. పాదమర్దనం వీటికి తోడుగా ఉండవచ్చు, వీటి స్థానంలో కాదు. ఎముకల పలచదనాన్ని అది ఆపలేదు. ముట్లు ఆగిన ఏడాది తరువాత మళ్ళీ రక్తం కనిపిస్తే అది క్యాన్సరుకు సూచన కావచ్చును. వెంటనే వైద్యుని వద్దకు పోవలసిన సమయాన పాదాలు చూపుకొంటూ నెలలు గడపడం ప్రమాదం.

తెలుగు జిల్లాలలో ఈ మాటకు మరొక కారణం కూడ ఉన్నది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశం మొత్తంమీద నూటికి ముగ్గురు కాగా, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు తొమ్మిదిమంది, తెలంగాణలో సుమారు ఎనిమిదిమంది. గర్భసంచితోపాటు అండాశయాలు కూడ తీసివేసినప్పుడు ముట్లుడిగే దశ ఏళ్ళ తరబడి మెల్లగా రాదు, కొద్ది రోజులలో మీద పడుతుంది. ముప్ఫై అయిదేళ్ళ స్త్రీకి ఎముకల రక్షణ, గుండె రక్షణ అప్పటినుండే చూచుకోవలసి వస్తుంది. ఎక్సిటర్ పరీక్ష ఇటువంటి చిన్నవయసు వారిపై జరిగినది కాదు. తమకు ఏమేమి తీసివేసినారో ఆసుపత్రి కాగితాలలో చూపించుకొని, హార్మోను అవసరమా అని స్త్రీరోగనిపుణులను అడగడం వీరి మొదటి పని.

మర్దనం చేయించుకోదలచినవారు రెండు జాగ్రత్తలు పాటించవలెను. మధుమేహం వలన అరికాళ్ళు మొద్దుబారినవారికి గట్టిగా నొక్కినా నొప్పి తెలియదు, పుండు పడినా తెలియదు. వారు ముందుగా పాదాలను పగళ్ళకు, బొబ్బలకు పరీక్షించుకొని, మెత్తగా మాత్రమే రాయించుకోవలెను. ఒక కాలిపిక్క వాచి, వెచ్చగా ఉండి, నొప్పి పెడుతున్నప్పుడు లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చును. ఆ కాలిని ఎవరిచేతా పిసికించుకోరాదు.